ఏలూరులో మొదలైన జాతీయ చదరంగం

భారత జాతీయ చదరంగ పోటీ తొలిసారి 1955లో, నాటి ఆంధ్ర రాష్ట్రంలోని ఏలూరులో జరిగింది. రామచంద్ర సప్రే, డి. వెంకయ్య సంయుక్త విజేతలుగా నిలిచారు, అయితే వెంకయ్య పేరు నేటి తెలుగువారిలో ఎందరికి గుర్తుందన్నది సందేహమే. ఆ రోజుల్లో ఇళ్లలోనూ అరుగుల మీదా సాగిన దేశీయ పద్ధతిలో బంటు తొలి ఎత్తులోనూ ఒక్క గడే కదిలేది, రాజును ఏనుగు చాటుకు చేర్చే ‘కోట కట్టడం’ బదులు రాజు ఒక్కసారి గుర్రంలా దూకేవాడు. అందువల్ల అంతర్జాతీయ నియమాలకు అలవాటు పడటమే ఆ తరానికి అసలు పరీక్ష. తొలినాళ్లలో రెండేళ్లకోసారి జరిగిన ఈ పోటీలో 1959లో గెలిచిన మాన్యుయెల్ ఆరన్, 1961లో భారతదేశపు తొలి ఇంటర్నేషనల్ మాస్టర్ అయ్యాడు.