మీకు తెలుసా? నోరెండిపోతే గ్రంథిలో నీటి కదలికనూ కొలవచ్చు

పలమనేరు వైపు రాగి సంగటిని పెద్దగా నమలరు, పులుసులో అద్ది మింగేస్తారు. ఆ ముద్ద జారాలంటే నోట్లో తడి ఉండాలి. ముద్దముద్దకూ గుక్కెడు నీళ్లు కావాల్సి వస్తోందా? కళ్లలో ఇసుక పడినట్టుందా? అది షోగ్రెన్ జబ్బు కావచ్చు. ఇందులో ఒంట్లోని రక్షణ వ్యవస్థే లాలాజల, కన్నీటి గ్రంథుల మీద పడుతుంది. స్వీడన్ కంటి వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో దీన్ని వివరంగా రాశారు. రోగుల్లో పదికి తొమ్మిది మంది దాకా ఆడవాళ్లే.

చెవి కింది పెరోటిడ్ అనే లాలాజల గ్రంథిలో నీటి అణువులు ఎంత స్వేచ్ఛగా కదులుతున్నాయో డిఫ్యూజన్ ఎమ్మారై కొలుస్తుంది. ఆ అంకె పేరు ఏడీసీ. వాపుతో నీరు చేరితే అది పెరగవచ్చు. తెల్లకణాలు కిక్కిరిసినా, గ్రంథి కొవ్వుగా మారినా తగ్గవచ్చు. అందుకే ఒక్క అంకె చూసి జబ్బు తేల్చడం తొందరపాటే. కొందరు పరిశోధకులు నోట్లో నిమ్మరసం వేసి, అంతకు ముందూ తర్వాతా కొలిచి చూశారు. గ్రంథి ఊరుతోందో లేదో పట్టే తెలివైన ఉపాయమది! దీనికి సూదిమందు అక్కర్లేదు, రేడియేషన్ ఉండదు.

అయినా 2016 నాటి అంతర్జాతీయ ప్రమాణాల్లో ఈ స్కాన్ లేదు. పెదవి లోపలి చిన్న ముక్క పరీక్ష, రక్తంలో యాంటీ-రో అనే ప్రతిరక్షకం, కన్నీటి కొలత, లాలాజలం కొలత వంటివే ఉన్నాయి. నిమిషానికి 0.1 మిల్లీలీటరు మించి లాలాజలం ఊరకపోతే లోపమున్నట్టే.

పలమనేరు పొరుగునే వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో రుమటాలజీ విభాగం ఉంది. మూడు నెలలకు మించి నోరు, కళ్లు ఎండుతుంటే వయసు మీద నెట్టేయకండి, చూపించుకోండి.