క్రీడా పిస్తోలు పిడి, ట్రిగ్గరు అమరిక

క్రీడా పిస్తోలు అమరిక అనగా షూటింగు పోటీలలో వాడే పిస్తోలు పిడిని, ట్రిగ్గరును క్రీడాకారుని చేతికి సరిపోయేటట్లు తీర్చిదిద్దుకొనే ప్రక్రియ. చేతితో పట్టుకొనే భాగాన్ని పిడి అని, చూపుడువేలితో వెనుకకు నొక్కే మీటను ట్రిగ్గరు అని అంటారు. ఒలింపిక్ పిస్తోలు పోటీలలో నిలబడి, ఒక్క చేతితోనే కాల్చవలసి ఉంటుంది. రెండవ చేతి ఆసరా ఉండదు కనుక పిడి చేతిలో కుదురుగా ఒదగడం చాలా ముఖ్యం. కొడవలికి పిడి, గొడ్డలికి కామ పనివాని చేతికి తగినట్లు ఉండాలనే సూత్రమే ఇక్కడ కూడా వర్తిస్తుంది.

అవసరం

10 మీటర్ల ఎయిర్ పిస్తోలు పోటీలో 4.5 మి.మీ. వ్యాసం గల సీసపు పెల్లెట్లను వాడతారు. లక్ష్యం మధ్యలోని పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మి.మీ. మాత్రమే. అక్కడినుండి ఒక్కొక్క వలయం 8 మి.మీ. దూరం జరిగే కొద్దీ ఒక్కొక్క పాయింటు తగ్గుతుంది.

గురిలో వచ్చే దోషాలు రెండు రకాలు. మొదటిది, చేయి మొత్తంగా కొద్దిగా ప్రక్కకు జరగడం. పిస్తోలు దిశ మారకుండా 1 మి.మీ. ప్రక్కకు జరిగితే పెల్లెట్టు కూడా లక్ష్యంపై 1 మి.మీ. మాత్రమే ప్రక్కకు పోతుంది. రెండవది, పిస్తోలు దిశ మారడం. ముందు సైటుకు, వెనుక సైటుకు మధ్య దూరం సుమారు 320 మి.మీ. అనుకుందాం. వెనుక సైటు కదలకుండా ముందు సైటు 1 మి.మీ. ప్రక్కకు తిరిగితే, 10 మీటర్ల దూరంలో ఆ తేడా సుమారు 31 మి.మీ. అవుతుంది. అంటే దాదాపు నాలుగు పాయింట్ల నష్టం. చేయి కొద్దిగా ఊగడం ఎంతటి క్రీడాకారునికైనా తప్పదు. కాని మణికట్టు తిరగడం, వేలు ట్రిగ్గరును ప్రక్కకు నెట్టడం వంటి దోషాలు అంతకంటే ఎన్నో రెట్లు హాని చేస్తాయి. పిడి, ట్రిగ్గరు అమరిక ముఖ్యంగా ఈ రెండవ రకం దోషాన్ని తగ్గించడానికే ఉద్దేశించబడినది.

పిడి

పోటీ పిస్తోళ్ళ పిడులను ఎక్కువగా అక్రోటు కర్రతో చేస్తారు. కుడిచేతివాటం వారికి, ఎడమచేతివాటం వారికి వేరువేరు పిడులుంటాయి. చేతి పరిమాణాన్నిబట్టి చిన్నవి, మధ్యరకం, పెద్దవి లభిస్తాయి. బొటనవేలికి, చూపుడువేలికి మధ్యనున్న సందు పిడి వెనుక భాగానికి గట్టిగా ఆనుకోవాలి. క్రింది మూడు వేళ్ళు పిడిని ముందునుండి సూటిగా వెనుకకు పట్టి ఉంచాలి. అరచేతి అడుగున ఆసరాగా ఉండే పలకను చేతి వెడల్పునుబట్టి పైకి, క్రిందికి జరుపుకోవచ్చు.

పిడి సరిపోయినదో లేదో తెలుసుకొనేందుకు ఒక సులభమైన పరీక్ష ఉంది. షూటింగు కేంద్రంలో, గుండు లేని పిస్తోలును లక్ష్యం వైపు పట్టుకొని, కళ్ళు మూసుకొని, చేతిని సహజంగా పైకెత్తి, ఆ తరువాత కళ్ళు తెరవాలి. ముందు సైటు వెనుక సైటు గాడి మధ్యలో కనిపిస్తే పిడి సరిపోయినట్లే. ప్రతిసారీ ఒకే వైపునకు తప్పి కనిపిస్తే మణికట్టును తిప్పి సరిచేయరాదు, పిడినే సరిచేయాలి. ఎక్కువగా ఉన్నచోట ఆకురాయితో అరగదీస్తారు. తక్కువైనచోట కర్రకు పట్టే లప్పం నింపుతారు. తీసిన కర్రను మరల అతికించడం కష్టం కనుక కొద్దికొద్దిగా అరగదీసి, ప్రతిసారీ పరీక్షించి చూసుకోవాలి.

ట్రిగ్గరు

చేయి పిడిపై ఎక్కడ కుదురుకుంటుందో దానినిబట్టి వేలు ట్రిగ్గరును అందుకొనే దూరం మారుతుంది. కనుక ముందుగా పిడిని, ఆ తరువాతనే ట్రిగ్గరును అమర్చుకోవాలి. పోటీ పిస్తోళ్ళలో ట్రిగ్గరును ముందుకు, వెనుకకు జరుపుకొనే వీలుంటుంది. చూపుడువేలి మొదటి కణుపు మెత్తని భాగం ట్రిగ్గరుపై ఆనాలి. మిగిలిన వేలు పిడి ప్రక్కభాగాన్ని తాకకూడదు. తాకితే వేలు కదిలినప్పుడల్లా పిస్తోలు కూడా కదులుతుంది.

చాలా పోటీ ట్రిగ్గర్లలో నొక్కుడు రెండు దశలుగా ఉంటుంది. మొదటి దశలో ట్రిగ్గరు తేలికగా కొంతదూరం కదిలి ఆగుతుంది. రెండవ దశలో మరికొంత బలం పడగానే పిస్తోలు పేలుతుంది. మొదటి దశ వద్ద ఆగి గురిని సరిచూసుకోవడానికి ఇది ఉపకరిస్తుంది.

నిబంధనలు

అంతర్జాతీయ షూటింగు క్రీడా సమాఖ్య నిబంధనల ప్రకారం ఎయిర్ పిస్తోలు ట్రిగ్గరును పేల్చడానికి కనీసం 500 గ్రాముల బలం అవసరమై ఉండాలి. 25 మీటర్ల పిస్తోలుకు ఇది 1000 గ్రాములు. గొట్టాన్ని నిటారుగా నిలిపి, ట్రిగ్గరుకు తూకపురాయి తగిలించి పైకెత్తుతారు. ఆ బరువుకు ట్రిగ్గరు పేలకూడదు. ఎయిర్ పిస్తోలు మొత్తం బరువు 1500 గ్రాములు మించరాదు. అది 420 × 200 × 50 మి.మీ. కొలతలు గల పెట్టెలో పట్టాలి. పిడిలోని ఏ భాగమూ మణికట్టుకు ఆసరా ఇవ్వకూడదు. అరచేతి పలక పైకి వంపు తిరిగి చేతిని చుట్టుకొని ఉండరాదు.

పోటీ తరువాత కూడా కొందరి పిస్తోళ్ళను తనిఖీ చేస్తారు. ట్రిగ్గరు బరువు తక్కువని తేలితే ఆ క్రీడాకారుని పోటీనుండి తొలగిస్తారు. అందువలన చాలామంది ట్రిగ్గరును కనీస పరిమితికంటే కొద్దిగా ఎక్కువ బరువుకే అమర్చుకుంటారు.

భద్రత, చట్టం

మందుగుండుతో పేలే పిస్తోళ్ళను లైసెన్సు లేకుండా మరమ్మతు చేయడం, మార్చడం భారత ఆయుధాల చట్టం, 1959 ప్రకారం నేరం. ట్రిగ్గరు లోపలి భాగాలను లైసెన్సు గల నిపుణుడే సరిచేయాలి. హద్దు మీరి తేలిక చేసిన ట్రిగ్గరు చిన్న కుదుపుకే పేలవచ్చు. ఎయిర్ పిస్తోలు విషయంలో కూడా గుండు లేదని నిర్ధారించుకొన్న తరువాతనే పిడిపై పని చేయాలి.

తెలుగునాట

హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 2005 జనవరి 1న జన్మించింది. తొమ్మిదేళ్ళ వయసులో షూటింగు మొదలుపెట్టి, 2018లో పదమూడేళ్ళకే 10 మీటర్ల ఎయిర్ పిస్తోలులో జాతీయ విజేతగా నిలిచింది. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు జట్టు స్వర్ణంతో పాటు మూడు రజతాలు సాధించింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 25 మీటర్ల పిస్తోలు పోటీలో పాల్గొన్నది.

ఇంత చిన్న వయసులో మొదలుపెట్టే పిల్లలకు అమరిక ఒక్కసారితో ముగిసిపోదు. చేయి ఎదిగేకొద్దీ పాత పిడి ఇరుకవుతుంది. వేలు ట్రిగ్గరుపై మరికొంత ముందుకు పోతుంది. ఈషా వలె రెండు పోటీలలోనూ పాల్గొనేవారు 500 గ్రాముల ట్రిగ్గరుకు, 1000 గ్రాముల ట్రిగ్గరుకు వేలిని అలవాటు చేసుకోవాలి. కనుక రెండు పిస్తోళ్ళ పిడులూ వీలైనంతవరకు ఒకే కోణంలో ఉండడం మేలు. పిల్లల గురి తప్పుతున్నప్పుడు వారి శ్రద్ధనో, ధైర్యాన్నో శంకించడానికి ముందు పిడిని ఒకసారి కొలిచి చూడడం అవసరం. అలాగే ఎంత చక్కని పిడి అయినా అభ్యాసానికి ప్రత్యామ్నాయం కాదు. చేసిన అభ్యాసం వృథా కాకుండా చూడడమే అమరిక ప్రయోజనం.