తారు అంచు దాటితే

ఇరుకు రోడ్డు మీద ఎదురుగా లారీ వస్తే మన డ్రైవరు ఎడమ చక్రాలను మట్టిలోకి దించుతాడు. లారీ పోయాక మళ్లీ తారెక్కుతాడు. మరి ఆ మట్టి రోడ్డేనా? ఫొటోలో రోడ్డును గుర్తుపట్టమని కంప్యూటరుకు అప్పగిస్తే అసలు పేచీ ఇక్కడే మొదలవుతుంది.

కంప్యూటరుకు ఫొటో అంటే అంకెలు నిండిన గళ్లు. ఒక్కో గడీ, అంటే పిక్సెల్, రోడ్డులోదో కాదో తేల్చాలి. నల్లనిదల్లా రోడ్డే అనుకుందామంటే చెట్ల నీడలు మోసం చేస్తాయి. అంచు గీతలను నమ్ముదామంటే అవి ఎప్పుడో చెరిగిపోయి ఉంటాయి. అసలు గీసి ఉంటే కదా!

2004లో అమెరికా రక్షణశాఖవారి పరిశోధన సంస్థ డార్పా, మొహావీ ఎడారిలో డ్రైవరు లేని బండ్లకు పందెం పెట్టింది. 142 మైళ్ల దారిలో ఏ బండీ ఎనిమిది మైళ్లయినా పోలేదు. మరుసటి ఏడాది స్టాన్‌ఫర్డ్ వారి ‘స్టాన్లీ’ 132 మైళ్లను ఏడు గంటల లోపే పూర్తిచేసి గెలిచింది. దాని ఉపాయం ముచ్చటైనది. లేజరు దగ్గరి నేల చదునో కాదో చెప్పగలదు, దూరం చూడలేదు. కెమెరా దూరం చూస్తుంది, చదును సంగతి తెలియదు. లేజరు ‘ఇక్కడ పోవచ్చు’ అన్న నేల రంగును నేర్చుకుని, అలాంటి రంగు ముందెక్కడుందో కెమెరా వెతికేది. నేల రంగు మారితే కొత్త రంగు నేర్చుకునేది. అడగాల్సిన ప్రశ్న ‘రోడ్డు ఏది?’ కాదు, ‘చక్రం ఎక్కడ పోగలదు?’ అని స్టాన్లీ అప్పుడే చూపించిందని నా అభిప్రాయం.

తర్వాత, ఉదాహరణలు చూసి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్కుల కాలం వచ్చింది. వాటికి ఏది రోడ్డో, ఏది కాదో మనుషులు రంగులు వేసి ఇచ్చిన ఫొటోలు కావాలి. 2016 నాటి ‘సిటీస్కేప్స్’ అనే ఫొటోల సేకరణలో వివరంగా రంగులు వేసినవి 5,000. దాదాపు అన్నీ జర్మనీ నగరాలవే. పగటివేళ, మంచి వాతావరణంలో తీసినవి. అక్కడ ఫుట్‌పాత్ ఫుట్‌పాతే, రోడ్డు రోడ్డే.

మన వీధులకు ఆ చదువు చాలదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, ఇంటెల్ పరిశోధకులు హైదరాబాద్, బెంగళూరు, వాటి శివార్లలో కారు మీద కెమెరా పెట్టి తిరిగి, 10,000 ఫొటోలతో ‘ఇండియా డ్రైవింగ్ డేటాసెట్’ తయారుచేశారు. అందులో 34 రకాల గుర్తులున్నాయి. రోడ్డుకు ఒక గుర్తు, రోడ్డు కాకపోయినా బండి పోగల నేలకు వేరే గుర్తు, పోలేని నేలకు ఇంకొకటి. మన డ్రైవరు చక్రం దించే మట్టికి అలా చోటు దొరికింది.

చిక్కంతా తీరలేదు. వాననీరు నిండిన గుంత ఫొటోలో చదునుగానే కనిపిస్తుంది. లోతెంతో కెమెరా చెప్పలేదు. లేజరూ అక్కడ తడబడుతుంది: నీటిమీద వాలుగా పడ్డ కిరణం చాలావరకు వెనక్కి రాదు.