కరెంట్ పోయొచ్చాక పీసీ రిమోట్‌గా ఆన్ కావట్లేదా? ఈ సెట్టింగ్స్ చెక్ చేయండి!

వేసవిలో బంజారా హిల్స్, పంజాగుట్ట వైపు సాయంత్రం గాలివాన వచ్చిందంటే కరెంట్ మీద నమ్మకం పెట్టుకోలేం. కాసేపటికి కరెంట్ వస్తుంది. ఫ్యాన్ తిరుగుతుంది, వైఫై వస్తుంది. కానీ నిన్నటిదాకా ఫోన్‌లో ఒక్క ట్యాప్‌తో ఆన్ అయిన డెస్క్‌టాప్ మాత్రం ఉలకదు, పలకదు!

పీసీ పక్కనే ఉంటే బటన్ నొక్కితే సరిపోతుంది. కానీ అమీర్‌పేట హాస్టల్‌లో ఉండి కోర్స్ చేస్తూ, ఊళ్లో ఉన్న పీసీని రిమోట్‌గా వాడుకునే వాళ్ల సంగతేంటి? రేపు పొద్దున్నే ప్రాజెక్ట్ సబ్మిట్ చేయాలి, ఫైల్స్ అన్నీ అందులోనే ఉన్నాయి, ఇంట్లో ఎవరూ లేరు. అప్పుడు తెలుస్తుంది అసలు బాధ. మరి ఎందుకిలా అవుతుంది? ఎలా ఫిక్స్ చేయాలి? చూద్దాం.

అసలు ఏం జరుగుతోంది?

పీసీని రిమోట్‌గా ఆన్ చేసే ఈ ఫీచర్ పేరు వేక్ ఆన్ ల్యాన్. దీనికి పంపే సిగ్నల్‌ను మ్యాజిక్ ప్యాకెట్ అంటారు. అందులో పెద్ద మ్యాజిక్ ఏమీ లేదు. మొదట 6 బైట్లు, ఆ తర్వాత మీ నెట్‌వర్క్ కార్డ్ మ్యాక్ అడ్రస్ 16 సార్లు, మొత్తం 102 బైట్లు, అంతే.

పీసీ షట్‌డౌన్ అయినా పవర్ సప్లై నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంట్ మదర్‌బోర్డ్‌కు వెళ్తూనే ఉంటుంది. దాంతోనే నెట్‌వర్క్ కార్డ్ సగం నిద్రలో ఉండి ప్యాకెట్ కోసం ఎదురుచూస్తుంది. మెయిన్స్ పోతే ఆ స్టాండ్‌బై కూడా పోతుంది. కరెంట్ తిరిగొచ్చాక కార్డ్‌కు పవర్ అందినా, "ప్యాకెట్ కోసం చూస్తూ ఉండు" అని దానికి మళ్లీ ఎవరో చెప్పాలి. కొన్ని బోర్డుల్లో బయోస్ ఆ పని చేస్తుంది. చాలా వాటిలో చేయదు. విండోస్ ఒకసారి బూట్ అయి షట్‌డౌన్ అయితే తప్ప ఫీచర్ తిరిగి పనిచేయదు.

బయోస్‌లో మార్చాల్సినవి

ముందుగా 'రీస్టోర్ ఏసీ పవర్ లాస్' ఆప్షన్ వెతకండి. బోర్డును బట్టి పేరు మారుతుంది. గిగాబైట్‌లో 'ఏసీ బ్యాక్', డెల్‌లో 'ఏసీ రికవరీ', హెచ్‌పీలో 'ఆఫ్టర్ పవర్ లాస్' అని కనిపిస్తుంది. దీన్ని 'పవర్ ఆన్'లో పెట్టండి.

చాలామంది 'లాస్ట్ స్టేట్' పెడతారు. ఇక్కడే ఇబ్బంది. కరెంట్ పోయేటప్పటికి పీసీ ఆఫ్‌లో ఉంటే, వచ్చాక కూడా ఆఫ్‌లోనే ఉంటుంది. మీ సమస్య అలాగే మిగులుతుంది. 'పవర్ ఆన్' పెడితే కరెంట్ రాగానే బూట్ అవుతుంది. అక్కర్లేదంటే మీరే రిమోట్‌గా షట్‌డౌన్ చేసేయొచ్చు. కార్డ్ కూడా మళ్లీ రెడీ అవుతుంది.

రెండోది 'ఈఆర్‌పీ' లేదా 'డీప్ స్లీప్'. ఇవి స్టాండ్‌బై కరెంట్‌ను ఆదా చేస్తాయి. ఆన్‌లో ఉంటే కార్డ్‌కు పవర్ అందదు. ఆఫ్ చేయండి.

సెట్టింగ్స్ పెట్టినా కరెంట్ పోయిన ప్రతిసారీ చెరిగిపోతున్నాయా? డేట్, టైమ్ కూడా తప్పు చూపిస్తోందా? అయితే మదర్‌బోర్డ్ మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టే. చిన్న ఖర్చు, వెంటనే మార్చేయండి.

విండోస్‌లో

డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కార్డ్ ప్రాపర్టీస్ తెరిచి 'వేక్ ఆన్ మ్యాజిక్ ప్యాకెట్' ఎనేబుల్ చేయండి. పవర్ ఆప్షన్స్‌లో 'ఫాస్ట్ స్టార్టప్' తీసేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు, చాలా పీసీల్లో వేక్ పనిచేయదు.

రూటర్‌నీ మర్చిపోవద్దు

బయటి నుంచి పోర్ట్ ఫార్వర్డ్ చేసి ప్యాకెట్ పంపుతున్నారా? పీసీ ఆఫ్‌లో ఉంటే, దాని ఐపీకి ఏ మ్యాక్ అడ్రస్సో రూటర్ కాసేపటికి మర్చిపోతుంది. రీబూట్ అయితే ఇక గుర్తే ఉండదు. అందుకే ప్యాకెట్ ఇంటి లోపలి నుంచే వెళ్లాలి. రూటర్‌లోనే వేక్ ఆప్షన్ ఉంటే అది వాడండి. లేదంటే ఒక రాస్ప్‌బెర్రీ పై పెట్టి, టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్‌తో దాంట్లోకి లాగిన్ అయి పంపండి. రూటర్‌కు ఒక మినీ యూపీఎస్ ఉంటే ఇంకా మంచిది.

ఐదు నిమిషాల టెస్ట్

1. పీసీ షట్‌డౌన్ చేసి ప్యాకెట్ పంపండి. ఆన్ కాకపోతే తప్పు విండోస్, బయోస్ లేదా నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఉంది, కరెంట్‌ది కాదు.
2. ఆన్ అయితే మళ్లీ షట్‌డౌన్ చేసి, గోడ స్విచ్ ఒక నిమిషం ఆపి వేయండి. పీసీ దానంతటదే బూట్ అయితే పని అయినట్టే.
3. బూట్ కాకపోతే ల్యాన్ పోర్ట్ లైట్ చూడండి. వెలగకపోతే ముందు ఈఆర్‌పీ చెక్ చేయండి. వెలుగుతున్నా ప్యాకెట్‌కు పలకకపోతే కార్డ్ రెడీగా లేదు, 'పవర్ ఆన్' సెట్టింగ్ సేవ్ అయిందో లేదో చూడండి.

ఇంకో ప్లాన్: స్మార్ట్ ప్లగ్

'పవర్ ఆన్' పెట్టాక స్మార్ట్ ప్లగ్‌ను ఆఫ్ చేసి, అర నిమిషం ఆగి ఆన్ చేస్తే పీసీ బూట్ అవుతుంది. ప్యాకెట్‌తో పనే లేదు. కానీ జాగ్రత్త, పీసీ రన్ అవుతుండగా ప్లగ్ ఆపితే సేవ్ చేయని డేటా పోతుంది.

మా సలహా? ముందు డబ్బు ఖర్చు లేని బయోస్ సెట్టింగ్స్ మార్చండి. స్మార్ట్ ప్లగ్, యూపీఎస్ ఆ తర్వాతే. ఊరికి వెళ్లినప్పుడు, తిరిగి బస్సెక్కే ముందే ఈ టెస్ట్ ఒకసారి చేసేయండి. ఎందుకంటే బయోస్‌ను అమీర్‌పేట నుంచి మార్చలేం కదా!