68 నుంచి సున్నాకు

1967లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఎన్నికైన 287 మందిలో 68 మంది స్వతంత్రులు. 165 స్థానాలు గెలిచిన కాంగ్రెస్ తర్వాత సభలో పెద్ద సంఖ్య వారిదే. స్వతంత్ర పార్టీకి 29, రెండు కమ్యూనిస్టు పార్టీలకూ కలిపి 20 స్థానాలు వచ్చాయి. అంతకుముందు 1962లో 51 మంది, ఆ తర్వాత 1972లో 57 మంది ఏ పార్టీ జెండా లేకుండానే సభలో అడుగుపెట్టారు. 2023లో తెలంగాణలోని 119 స్థానాల్లో గానీ, 2024లో ఆంధ్రప్రదేశ్‌లోని 175 స్థానాల్లో గానీ ఒక్క స్వతంత్రుడూ గెలవలేదు.

ఆనాటి 68 మందీ పార్టీలను సిద్ధాంతంతో ఎదిరించినవారేమీ కాదు. కాంగ్రెస్ టికెట్ దక్కక అలిగి నిలబడినవారు, ఊళ్లను గుప్పిట్లో పెట్టుకున్న పెద్ద భూస్వాములు కూడా వారిలో ఉన్నారు. అయితే సత్తెనపల్లి నుంచి గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్య వంటివారూ ఉన్నారు. అదే ఏడాది విశాఖపట్నం నుంచి తెన్నేటి విశ్వనాథం స్వతంత్రుడిగానే లోక్‌సభకు వెళ్లారు. స్వాతంత్ర్యోద్యమ కాలం నుంచి జనంలో తిరిగిన మనుషులకు పార్టీ గుర్తుతో పని పడలేదు.

1983లో తెలుగుదేశం రాకతో కాంగ్రెస్ వ్యతిరేక ఓటు ఒక గూటికి చేరింది. పోటీ రెండు పెద్ద శిబిరాల మధ్యకు వచ్చాక, గెలవని మనిషికి వేస్తే ఓటు మురిగిపోతుందన్న మాట ఊరూరా పాతుకుపోయింది. స్వతంత్రుడికి ఇంతకు మించిన ప్రత్యర్థి లేడు.

చట్టం కూడా అతని పక్షాన లేదు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు, స్వతంత్రుడికి పదిమంది కావాలి. పార్టీ గుర్తు ఏళ్ల తరబడి గోడల మీద ఉంటుంది. స్వతంత్రుడికి మాత్రం నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాకే ఈలో, సిలిండరో కేటాయిస్తారు. అప్పటికి పోలింగ్‌కు మిగిలేది దాదాపు రెండు వారాలు. ఆ కాస్త వ్యవధిలో లక్షల మంది ఓటర్లకు ఆ బొమ్మ గుర్తుండేలా చేయాలి. ఓటింగ్ యంత్రం మీద పార్టీల పేర్లన్నీ అయ్యాకే అతని పేరు. పార్టీల స్టార్ ప్రచారకుల ప్రయాణ ఖర్చు అభ్యర్థి లెక్కలోకి రాదు, స్వతంత్రుడికి ఆ వెసులుబాటు లేదు. పోలింగ్‌కు ముందు గుర్తింపు పార్టీ అభ్యర్థి మరణిస్తే పోలింగ్ వాయిదా పడుతుంది, స్వతంత్రుడు మరణిస్తే పడదు. చట్టం అందరినీ ఒకే కంటితో చూడటం లేదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఈ నిబంధనల్లో చాలావరకు 1996 నాటి చట్ట సవరణతో వచ్చినవే. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోతున్న నల్గొండ జిల్లా గోడు దేశానికి వినిపించాలని జలసాధన సమితి వందల మందితో నామినేషన్లు వేయించింది. 480 మంది బరిలో మిగిలారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయి, పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. తమిళనాడులోని మొడకురిచ్చి శాసనసభ స్థానంలో అప్పుడే 1,033 మంది నిలబడ్డారు. ఆ తర్వాత వచ్చిన ఆ సవరణతోనే లోక్‌సభ డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది. ఇప్పుడది 25,000.

అంత డిపాజిట్ కట్టి మరీ 2019లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు నిలబడ్డారు. గిట్టుబాటు ధర, పసుపు బోర్డు వారి డిమాండ్లు. మొత్తం 185 మంది అభ్యర్థుల్లో 170 మందికి పైగా రైతులే. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో 16 మీటలే పడతాయి కనుక, ప్రతి పోలింగ్ కేంద్రంలో 12 యూనిట్లు పేర్చాల్సి వచ్చింది. రైతుల్లో ఎవరూ గెలవలేదు. కానీ సిట్టింగ్ ఎంపీ కల్వకుంట్ల కవిత ఓడిపోయారు, పసుపు ధర దేశమంతా చర్చకు వచ్చింది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. ఓడిన అభ్యర్థులు సాధించిన పని ఇది.

2023లో కొల్లాపూర్‌లో నిలబడిన కర్నె శిరీష వెనుక అలాంటి సమూహం కూడా లేదు. డిగ్రీ చదివినా ఉద్యోగం రాక బర్రెలు కాస్తున్నానన్న వీడియోతో బర్రెలక్కగా పేరుపడ్డ ఆమె, నిరుద్యోగుల మాటనే ఎన్నికల అంశంగా చేసుకున్నారు. ప్రచారంలో దాడి జరిగితే హైకోర్టును ఆశ్రయించి భద్రత పొందారు. ఈల గుర్తు మీద 5,754 ఓట్లు పడ్డాయి. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి రావాలి, అది దక్కలేదు. అయినా ఆ ఓట్లను డబ్బు తెచ్చిన ఓట్లని ఎవరూ అనలేరు.

గెలుపు అసాధ్యమేమీ కాదని 2021లో యానాం చూపింది. పుదుచ్చేరి ముఖ్యమంత్రి పదవికి పోటీలో ఉన్న ఎన్.రంగస్వామిని గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ అనే స్వతంత్ర అభ్యర్థి 655 ఓట్ల తేడాతో ఓడించారు. యానాం చిన్న నియోజకవర్గం. అభ్యర్థి తన కాళ్ల మీద ప్రతి వీధీ తిరగగలడు, మనిషిని చూసి ఓటు వేయడం అక్కడ వీలవుతుంది. పెద్ద నియోజకవర్గాల్లో అభ్యర్థిని తెలుసుకునే పని ఓటరే చేయాలి. పోటీలో ఉన్న ప్రతి ఒక్కరి అఫిడవిట్ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉంటుంది. చదువు, ఆస్తి, కేసులు అన్నీ అందులో తెలుస్తాయి. ఈసారి మీట నొక్కేముందు వరుస చివరి పేర్ల అఫిడవిట్లు కూడా చదవండి.