ఓపిక పడితేనే గులాబీ పొర

ఉప్పునీటి అక్వేరియంలో కోరలైన్ ఆల్గే పెంపకానికి మెలకువలు
సీసా మందులకన్నా నీటి నిలకడే ముఖ్యం

విశాఖపట్నం: వేల రూపాయలు వెచ్చించి గాజు తొట్టె కొంటారు. ఉప్పునీరు నింపుతారు. రాళ్లు పేర్చి నీలిరంగు దీపం వెలిగిస్తారు. నెల తిరగకముందే రాళ్లపై గోధుమరంగు పొర, ఆ తరువాత పచ్చని నాచు పేరుకుంటాయి. టీవీలో చూసి ముచ్చటపడిన గులాబీ, ఊదా రంగుల రాళ్లు మాత్రం కానరావు. లోపం ఎక్కడున్నదో తెలియక దుకాణానికి వెళ్లి, చేతికందిన సీసా తెచ్చి తొట్టెలో ఒంపుతారు. రంగు రాకపోగా నీరు పాలవలె తెల్లబడి చేపల ప్రాణం మీదికి వస్తుంది. ఉప్పునీటి అక్వేరియం నిర్వహించే ఔత్సాహికులు పలువురికి ఎదురయ్యే చిక్కు ఇది. రాళ్లకు ఆ రంగు తెచ్చే కోరలైన్ ఆల్గే స్వభావం తెలుసుకుంటే ఈ ఖర్చూ, నష్టమూ తప్పించుకోవచ్చు.

ఏమిటీ నాచు?

కోరలైన్ ఆల్గే ఎర్ర శైవలాల వర్గానికి చెందినది. మామూలు నాచువలె మెత్తగా, జారుడుగా ఉండదు. సముద్రపు నీటిలోని కాల్షియం, కార్బొనేట్‌లను గ్రహించి తన కణాల గోడలలో సున్నపురాయిగా నిలువ చేసుకుంటుంది. అందువల్లనే గోకితే పెంకువలె రాలుతుంది. కొన్ని రకాలు రాతిని అంటుకుని పొరగా పరచుకుంటాయి. మరికొన్ని కణుపులు కణుపులుగా చిన్న పొదలవలె పెరుగుతాయి. ఈ రెండో కోవకు చెందిన ఆంఫిరోవా, జానియా జాతులు విశాఖ తీరపు రాళ్లపైనా ఉన్నట్లు శాస్త్రవేత్తలు నమోదు చేశారు.

సముద్రంలో ఈ నాచు తాపీ మేస్త్రి పని చేస్తుంది. విడిపోయిన పగడపు ముక్కలను సిమెంటువలె అతికి, అలల తాకిడికి ప్రవాళ భిత్తికలు చెదరకుండా కాపాడుతుంది. నీటిలో తేలియాడే పగడపు పిల్లజీవులలో అనేకం స్థిరపడేందుకు ఈ పొర ఉన్న చోటునే ఎంచుకుంటాయి. ఇంటి తొట్టెలోనూ దీని ప్రయోజనం తక్కువేమీ కాదు. రాతిపై ఇది పరచుకున్న మేరకు పచ్చని నాచుకు చోటు తగ్గుతుంది. నీరు నిలకడగా ఉన్నదనడానికి ఇది మంచి గుర్తు కూడా.

మూడు కాళ్ల పీట

ఈ నాచు పెరుగుదల ప్రధానంగా మూడింటిపై ఆధారపడి ఉంటుంది. అవి కాల్షియం, క్షారత, మెగ్నీషియం. కాల్షియం లీటరుకు 400 నుంచి 450 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 1,250 నుంచి 1,350 మిల్లీగ్రాములు ఉండాలి. క్షారత 7 నుంచి 9 డీకేహెచ్ మధ్య ఉంటే చాలు. ఇవన్నీ సహజ సముద్రపు నీటికి దగ్గరి అంకెలే. లవణీయత లీటరుకు 35 గ్రాముల వద్ద, పీహెచ్ 8.0 నుంచి 8.4 మధ్య ఉండేలా చూసుకోవాలి.

మూడు కాళ్ల పీటకు ఒక కాలు పొడుగైతే కూర్చోలేము. కాల్షియం, క్షారత రెండూ ఒక్కసారిగా పెరిగితే అవి నీటిలోనే కలిసి తెల్లని పొడిగా విడిపోతాయి. పంపు, హీటరుపై గట్టి పెచ్చు కడుతుంది. నాచుకు అందవలసిన సరుకు పనికిరాకుండా పోతుంది. మెగ్నీషియం తక్కువైతే ఈ నష్టం మరింత తేలికగా జరుగుతుంది. కాబట్టి పరీక్షలో మూడూ తేడాగా కనిపిస్తే ముందుగా మెగ్నీషియాన్ని సరిచేసి, తరువాతే మిగిలిన రెండింటి జోలికి వెళ్లాలి.

కొత్త తొట్టెలో నాచు ఇంకా పుట్టదు గనుక కాల్షియం ఖర్చయ్యేది నామమాత్రమే. మంచి రకం సముద్రపు ఉప్పుతో కలిపిన నీటిని వారం, పది రోజులకు ఒకసారి కొంత మార్చుకుంటే సరిపోతుంది. ఏ మందూ వేయకుండా నాలుగు రోజుల ఎడంలో రెండుసార్లు క్షారతను పరీక్షించాలి. ఎంత తగ్గిందో అదే తొట్టె వాడకం. వాడకం లేనిచోట సీసా మందు పోయడం ఆకలి లేనివాడికి అన్నం కుక్కడమే అవుతుంది.

సున్నపు తేట

తొట్టెలో వాడకం మొదలైన తరువాత కాల్షియాన్ని, క్షారతను సరైన పాళ్లలో అందించే చవకైన మార్గం సున్నపు తేట. విదేశాలలో కాల్క్‌వాసర్ అనే పేరుతో వాడేది ఇదే. జర్మన్ భాషలో ఆ మాటకు సున్నపు నీరు అని అర్థం. లీటరు శుద్ధజలంలో సుమారు రెండు గ్రాముల శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్ కలిపి, మూతపెట్టి కొన్ని గంటలు కదపకుండా ఉంచాలి. అడుగున చేరిన మడ్డిని వదలి పైన తేరిన నీటినే వాడాలి. ఆవిరై తగ్గిన నీటికి బదులుగా దీనిని రాత్రివేళ చుక్కలు చుక్కలుగా తొట్టెలో పడనివ్వాలి. రాత్రిపూట పీహెచ్ సహజంగా తగ్గుతుంది గనుక ఆ వేళ అనువైనది.

వంద లీటర్ల తొట్టెకు ఒక లీటరు తేట చేరిస్తే లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల కాల్షియం, ఒక డీకేహెచ్‌కు పైగా క్షారత పెరుగుతాయి. ఒక్కసారిగా కుమ్మరిస్తే ఎంత ప్రమాదమో దీనిని బట్టే ఊహించవచ్చు. తొట్టె వాడకాన్ని మించి వేయరాదు. తాంబూలపు సున్నం, వెల్ల సున్నం ఎంతమాత్రం పనికిరావు. వాటిలోని మలినాలు చేపలకు చేటు తేవచ్చు. సున్నపు తేట చర్మాన్ని, కళ్లను దెబ్బతీస్తుంది. పిల్లలకు అందకుండా ఉంచాలి.

బోరు నీటితో చేటు

ఆవిరైన నీటికి బదులు ఉప్పునీరు పోయరాదు. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు. పైపెచ్చు ఉప్పునీరు పోస్తే లవణీయత నానాటికీ పెరుగుతుంది. బోరు నీటిలో నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికా ఉండే అవకాశం ఉన్నందున ఆర్‌వో పద్ధతిలో శుద్ధి చేసిన నీరే శ్రేయస్కరం. ఫాస్ఫేట్ పెరిగితే పచ్చని నాచు విజృంభిస్తుంది. సున్నపు పొర కట్టడమూ మందగిస్తుంది. చేపలకు మేత అతిగా వేయడమే ఫాస్ఫేట్ పెరగడానికి ముఖ్య కారణం.

వెలుతురు విషయంలోనూ అతి పనికిరాదు. ఈ నాచులోని ఎరుపు వర్ణకం నీలి, ఆకుపచ్చ కాంతిని బాగా గ్రహిస్తుంది. బహామాస్ సమీపాన 268 మీటర్ల లోతున, దాదాపు చీకటిలో సైతం పొర కట్టే ఎర్ర శైవలాన్ని 1984లో కనుగొన్నారు. మోస్తరు వెలుతురు, రోజుకు ఎనిమిది నుంచి పది గంటలు చాలు. దీపాన్ని ఒక్కసారిగా పెంచితే ఊదా పొర తెల్లగా పాలిపోతుంది.

మన ప్రాంతపు వేసవి మరో పరీక్ష. నీటి వేడి 25 నుంచి 27 డిగ్రీల మధ్య నిలపడానికి నీటిపై చిన్న ఫ్యాన్ అమర్చుకోవచ్చు. అప్పుడు నీరు ఎక్కువగా ఆవిరవుతుంది గనుక రోజూ మట్టం చూసుకోవాలి. కిటికీలు బిగించి ఏసీ వేసిన గదిలో మనుషులు వదిలే బొగ్గుపులుసు వాయువు నీటిలో కరిగి పీహెచ్‌ను తగ్గిస్తుంది. రోజుకు కొద్దిసేపైనా గదిలోకి బయటి గాలి రానివ్వాలి. కరెంటు కోత వేళల్లో పంపు ఆగకుండా బ్యాటరీ ఏర్పాటు చేసుకోవడం మంచిది.

విత్తు ఎక్కడిది?

నీరు ఎంత బాగున్నా విత్తు లేనిదే పంట లేదు. బాగా సాగుతున్న పాత తొట్టె గాజుపై పెరిగిన పొరను గోకి, ఆ రజనును కొత్త తొట్టెలో పంపు ఎదుట వదిలితే నీటి ప్రవాహంతో పాటు రాళ్లపైకి చేరుతుంది. ఈ పొర పట్టిన నత్త పెంకు ఒకటి ఉన్నా చాలు. పచ్చ నాచు తినే నత్తలు తొట్టెకు మేలు చేస్తాయి. సముద్రపు ముళ్లజీవులు మాత్రం ఊదా పొరను సైతం గోకి తింటాయి. తొలి నెలల్లో వాటిని దూరంగా ఉంచాలి.

రంగు కోసం పగడపు రాయి కొనేవారు ఒక సంగతి గమనించాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోని మొదటి షెడ్యూలులో రాతి పగడాలను 2001లో చేర్చారు. పులికి ఉన్న చట్టరక్షణే పగడానికీ ఉన్నది. మన్నార్, కచ్ సింధుశాఖల నుంచి గాని, అండమాన్, లక్షద్వీప్ దీవుల నుంచి గాని పగడాన్ని తవ్వి తేవడం, అమ్మడం జైలు శిక్ష పడే నేరాలు. అసలు ఈ నాచుకు పగడపు రాయే కావాలన్న నియమం లేదు. గాజుపైన, ప్లాస్టిక్ గొట్టంపైన, పంపుపైన కూడా పెరుగుతుంది. అక్వేరియం కోసమే తయారైన సిరామిక్ రాయి నిక్షేపంగా సరిపోతుంది.

ఎప్పటికి కనిపిస్తుంది?

అన్నీ సక్రమంగా ఉంటే రెండు, మూడు నెలలకు సూదిమొనంత గులాబీ చుక్కలు పొడసూపుతాయి. రాళ్లు నిండుగా రంగు తేలడానికి ఏడాది, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. మొదట కనిపించే గోధుమ పొరను, పచ్చ నాచును చూసి దిగులుపడి తొట్టె మొత్తం కడిగేయరాదు. కొత్త తొట్టెలో ఆ దశలు సహజం. కడిగిన ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

వారానికి ఒకసారి పరీక్ష, ఆ అంకెలు రాసుకునేందుకు ఒక నోటు పుస్తకం, చేపలకు మితమైన మేత. ఈ మూడూ పాటించేవారికి ఖరీదైన సీసాలతో పెద్దగా పని ఉండదు. ఇది రాయి కట్టే మొక్క. రాయి పెరిగే వేగంతోనే పెరుగుతుంది.