చలిరాత్రులు - బొగ్గుల కుంపటి

చింతపల్లి, లంబసింగి ప్రాంతములలో శీతకాలపు రాత్రులు కొన్నింట ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు దిగువకు పడిపోవును. అట్టి చోట్ల గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొనవలెనను కోరిక సహజమే.

చలి ముదురక మునుపే కుంపటిలోని పాత బూడిదను దులిపి, చువ్వల సందులను శుభ్రపరుపవలెను. లోపలి మట్టిపూత బీటలు వారినచో బంకమట్టిలో ఊక కలిపి మెత్తి ఆరనీయవలెను. తడి బొగ్గు పొగలు గ్రక్కును, ఎండబెట్టి దాచుకొనవలెను. రాజవేయుట ఎల్లప్పుడును ఆరుబయటనే.

పొగ అణగి నిప్పులు ఎర్రబడగానే అపాయము తొలగినదని తలచువారు పెక్కుమంది. నిజమునకు అది కంటికి మరుగైనది, అంతే. కణకణలాడు బొగ్గునుండి కార్బన్ మోనాక్సైడ్ అను వాయువు వెలువడుచునే యుండును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. మేలుకొని యున్నవారికి తలనొప్పి, వికారము హెచ్చరికలగును. నిద్రించువారికి ఆ హెచ్చరికయు అందదు.

మా పెద్దలు కుంపటి ప్రక్క చెంబెడు నీళ్లుంచెడివారు. మేమును చాలకాలము దానిని నమ్మితిమి. ఆ వాయువును నీరు పట్టి ఉంచజాలదు. మేలుకొని యున్నంతసేపు తలుపు, కిటికీ తెరచియే యుంచి, పడుకొనుటకు ముందు కుంపటిని వెలుపల పెట్టవలెను. బూడిద కప్పిన నిప్పైనను లోపల ఉండరాదు. బాలింతకు వెచ్చదనమని మంచము క్రింద కుంపటి పెట్టించు ఇండ్లున్నవి. ఈ ఒక్క విషయమున అత్తగారి మాటనైనను కాదనవలసినదే.